జానపద చిత్రమా, కంప్యూటర్ ఆటా, పాచికల బల్లా: మాయాలోకానికి ఏ దారిన వెళ్లాలి?

కత్తి, మంత్రం, శాపం, కోట, గుహ అన్న మాటలు చెవిన పడగానే ప్రాణం లేచివచ్చే వాళ్లు మన నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో తక్కువేమీ కాదు. ఆ లోకంలో అడుగుపెట్టాలనుకునే వారికి ఈ రోజు నాలుగు దారులు కనిపిస్తున్నాయి. తక్కువ ఖర్చుతో తీసిన జానపద, ఫాంటసీ చిత్రాలు చూడవచ్చు. పాఠకుడే వీరుడై పేజీలు ఎంచుకుంటూ సాగే ఆటపుస్తకాలు చదవవచ్చు. కంప్యూటర్‌లోనో ఫోన్‌లోనో మనమే ఒక పాత్రగా మారి నడిపే రోల్‌ప్లేయింగ్ గేమ్ ఆడవచ్చు. లేదా నలుగురు మిత్రులు ఒక బల్ల చుట్టూ కూర్చుని మాటలతో, పాచికలతో టేబుల్‌టాప్ ఆట ఆడవచ్చు. వీటిలో దేనితో మొదలుపెట్టాలన్న చర్చ వచ్చినప్పుడు చాలామంది ధర గురించో, గ్రాఫిక్స్ గురించో మాట్లాడతారు. నా దృష్టిలో ముందుగా తేల్చుకోవలసింది వేరే ఉంది: కథ మలుపు తిరిగే చోట నిర్ణయం ఎవరి చేతిలో ఉండాలని మీరు కోరుకుంటున్నారు? అది తేలాక, ఆ నిర్ణయపు బరువు మోయడానికి వారంలో ఎన్ని గంటలు, ఎంతమంది మనుషులు మీకు దొరుకుతారన్నది చూసుకోవాలి.

ఒకే సన్నివేశాన్ని నాలుగు దారుల్లోనూ పెట్టి చూస్తే తేడా స్పష్టమవుతుంది. రాకుమారిని ఎత్తుకుపోయిన మాంత్రికుడి గుహ ముందుకు వీరుడు చేరుకున్నాడనుకుందాం. సినిమాలో అతడు లోపలికి వెళ్లి తీరతాడు. మనం ఊపిరి బిగబట్టి చూడడమే. ఆటపుస్తకంలో గుహలోకి వెళ్లాలంటే ఒక అంకె ఉన్న పేరాకు, కొండ చుట్టూ తిరిగి రావాలంటే మరో అంకె ఉన్న పేరాకు వెళ్లమంటారు. మూడో దారి రచయిత రాయలేదు కాబట్టి మూడో దారి లేదు. కంప్యూటర్ ఆటలో దారులు పదో ఇరవయ్యో ఉంటాయి, అయినా ఆట తయారుచేసిన వారికి తట్టినవే ఉంటాయి. బల్ల ఆటలో మాత్రం ఒక ఆటగాడు, "అన్నా, నేను లోపలికి పోను. బయట ఎండుగడ్డి కుప్పేసి అంటుబెడ్త, పొగకు ఆయనే బయటికొస్తడు" అనవచ్చు. అప్పుడు కథ నడిపే గేమ్ మాస్టర్ ఒక్క క్షణం ఆలోచించి, గాలి ఎటు వీస్తోందో, గుహకు వెనుక ద్వారం ఉందో లేదో నిర్ణయించి, ఆ మాటను కథలో నిజం చేయాలి. ఈ స్వేచ్ఛను రుచి చూసిన వారు దాన్ని మరిచిపోలేరు. కానీ దానికి మనుషులు కావాలి, సమయం కావాలి, అందులో ఒకరు ముందుగా కూర్చుని కథ సిద్ధం చేసుకోవాలి. అందువల్ల అందరికీ మొదటి రోజే బల్ల ఆట చూపించి ఇదే గొప్పదని చెప్పడం సరైన సలహా కాదు.

ముందు సినిమాల సంగతి చూద్దాం, ఎందుకంటే ఈ విషయంలో మన ప్రాంతానికి ఒక హక్కు ఉంది. తెలుగు తెరపై కత్తియుద్ధానికి మారుపేరుగా నిలిచి, కత్తి కాంతారావు అని పిలిపించుకున్న నటుడు ఉమ్మడి నల్లగొండ జిల్లా కోదాడ దగ్గరి గుడిబండలో 1923లో పుట్టారు. ఆయన నటించిన జానపదాల్లో చాలా వాటికి దర్శకుడు బి. విఠలాచార్య. ఉడుపి ప్రాంతం నుంచి వచ్చి, టూరింగ్ టాకీసు నడిపిన అనుభవంతో సినిమాలు తీసిన ఆ దర్శకుణ్ని జనం జానపద బ్రహ్మ అన్నారు. కాంతారావుతో ఆయన తీసిన 'గురువును మించిన శిష్యుడు' 1963లో వచ్చింది. అంతకు ముందు 1951లోనే 'పాతాళ భైరవి' వంటి భారీ చిత్రం వచ్చి జానపదానికి ఒక కొలమానం పెట్టింది. విఠలాచార్య గొప్పతనం ఆ కొలమానాన్ని ఖర్చుతో అందుకోవాలని చూడకపోవడంలో ఉంది. అదే సెట్టును రంగు మార్చి, తెరలు మార్చి, మరో రాజ్యంగా చూపించేవారు. షూటింగు కొద్ది రోజుల్లో ముగించేవారు. అడిగిన రోజున రాని నటుడి పాత్రను శాపంతో చిలుకగానో, మేకగానో మార్చి కథ ముందుకు నడిపించేవారని సినిమావాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. అది నిజమైనా, కట్టుకథ అయినా, బల్ల ఆట నడిపే ప్రతి గేమ్ మాస్టర్‌కూ పనికివచ్చే ఉపాయమే. వారం వారం రావలసిన ఆటగాడు ఒక ఆదివారం రాకపోతే అతడి పాత్రను ఏం చేయాలన్న చిక్కు ప్రపంచమంతటా ఉంది, దానికి శాపాన్ని మించిన పరిష్కారం నాకు ఇంతవరకు కనిపించలేదు.

ఈ చిత్రాలను చూసేటప్పుడు మాయ ఎలా పుట్టిందో గమనించడం ఒక ప్రత్యేకమైన ఆనందం. మనిషి అదృశ్యం కావాలంటే కెమెరాను కదలకుండా బిగించి, మధ్యలో ఆపి, నటుణ్ని పక్కకు పంపి, మళ్లీ తిప్పుతారు. ఒకే నటుడు రెండు పాత్రల్లో ఎదురెదురుగా నిలబడాలంటే కటకంలో సగం మూసి ఒకసారి, మిగిలిన సగం మూసి రెండోసారి, అదే ఫిల్ము మీద చిత్రీకరిస్తారు. విఠలాచార్య 1978లో తీసిన 'జగన్మోహిని'లో దయ్యం తన కాళ్లనే కట్టెలుగా పొయ్యిలో పెట్టి వంట చేసే దృశ్యం ఈ రోజుకూ జనం నోట నానుతోంది. దానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు, కావలసింది ఆ ఆలోచన తట్టడమే. రాక్షసుడి కొమ్ములు అట్టతో చేసినవని కనిపిస్తున్నా భయం ఎందుకు కలుగుతుందంటే, పాత్రలన్నీ ఆ రాక్షసుణ్ని పూర్తిగా నమ్మి ప్రవర్తిస్తాయి కాబట్టి. బల్ల దగ్గర మనకు అట్టకొమ్ములు కూడా ఉండవు, మాట ఒక్కటే ఉంటుంది. కనుక ఆ నమ్మకాన్ని ఎలా నిలబెట్టాలో నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి బడి లేదని నేను గట్టిగా నమ్ముతాను.

పాశ్చాత్య దేశాల్లోనూ ఇటువంటి చిత్రాలు విరివిగా వచ్చాయి. 1980లో బ్రిటన్‌లో వచ్చిన 'హాక్ ద స్లేయర్' చూస్తే ఒక వీరుడు, ఒక మహాకాయుడు, ఒక మరుగుజ్జు, ఒక విలుకాడు, ఒక మంత్రగత్తె కలిసి బయలుదేరడం, ఒక్కొక్కరికి ఒక్కొక్క విద్య ఉండడం, అచ్చంగా బల్ల ఆటలోని బృందాన్ని తలపిస్తుంది. పొగ, రంగు దీపాలు, ఎడిటింగు కోతలు, ఇవే అందులోని మాయలో ఎక్కువ భాగం. 2009లో ఇంటర్నెట్‌లో విడుదలైన 'ద హంట్ ఫర్ గొల్లమ్' అనే 'లార్డ్ ఆఫ్ ద రింగ్స్' అభిమానుల చిత్రాన్ని దాదాపు 3,000 పౌండ్లతో తీశారు. నిడివి 40 నిమిషాల వరకు ఉంటుంది. ఫోన్ కెమెరాతో ఇలాంటిదేదైనా తీయాలని కలలు కనే యువకులు దాన్ని ఒకసారి చూడడం మంచిది. అయితే ఒక హెచ్చరిక: 1982లో 'కోనన్ ద బార్బేరియన్' విజయవంతమైన తరువాత ఆ బాణీలో హడావిడిగా తీసిన చౌక చిత్రాల్లో నగ్నత్వం, హింస ఎక్కువ. పిల్లలతో కలిసి కూర్చుని చూడదగినవి మన జానపదాలే. వాటిలో చాలావరకు యూట్యూబ్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి కూడా.

సినిమాతో వచ్చే ఇబ్బంది ఒక్కటే. రెండున్నర గంటలు గడిచాక మన మనసులో మిగిలేది ఇంకొకరి సాహసం. అది చాలనుకునే వారు, రోజంతా పని చేసి అలసి వచ్చి మరో ఆలోచన పెట్టుకోలేని వారు, ఇంట్లో మూడు తరాల వాళ్లు కలిసి ఏదైనా చూడాలనుకునే వారు వేరే దారి వెతుక్కోనవసరం లేదు.

ఆటపుస్తకాల గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే అవి మన దుకాణాల్లో అరుదు. 1982లో బ్రిటన్‌లో మొదలైన 'ఫైటింగ్ ఫాంటసీ' పుస్తకాల వరుసలో మొదటిదానిలో 400 పేరాలు ఉంటాయి. పాఠకుడు రెండు మామూలు పాచికలు, ఒక పెన్సిలు పట్టుకుని, నేర్పు, దేహబలం, అదృష్టం అనే మూడు అంకెలను రాసుకుంటూ ముందుకు సాగుతాడు. 1984లో మొదలైన 'లోన్ వుల్ఫ్' వరుసకు పాచికలు కూడా అక్కర్లేదు. 0 నుంచి 9 వరకు అంకెలున్న ఒక పట్టిక మీద కళ్లు మూసుకుని పెన్సిలు పెట్టి, తగిలిన అంకెను తీసుకుంటే చాలు. ఆ రచయిత జో డెవర్ అనుమతి ఇవ్వడంతో 'ప్రాజెక్ట్ ఏయాన్' అనే స్వచ్ఛంద బృందం ఆ పుస్తకాలను ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టింది. ఇంగ్లిష్ చదవగలిగి, తోడు ఎవరూ లేని హాస్టల్ విద్యార్థికి, ఫోన్‌లో పాత బ్రౌజర్ తప్ప మరేమీ లేని వారికి ఇది మంచి ప్రారంభం. తెలుగులో ఇటువంటివి ఎవరైనా రాయాలని నాకు చాలా కాలంగా కోరిక.

కంప్యూటర్ రోల్‌ప్లేయింగ్ ఆటల బలం స్థలాన్ని చూపించడంలో ఉంది. 2011లో వచ్చిన 'స్కైరిమ్' ఆడిన వాళ్లను అడిగితే కథలోని ప్రధాన శత్రువు పేరు గుర్తుండకపోవచ్చు గాని, మంచు కురుస్తుండగా ఒక కొండ ఎక్కి కింద లోయను చూసిన క్షణం మాత్రం గుర్తుంటుంది. కనిపిస్తున్న ప్రతి కొండనూ నిజంగా ఎక్కవచ్చన్న భావన ఆ ఆటకు ప్రాణం. దేవరకొండ కోట గుట్టల మీద తిరిగిన వారికి, భువనగిరి ఏకశిల మీదికి మెట్లు ఎక్కి పైనుంచి ఊరిని చూసిన వారికి ఆ భావన కొత్తది కాదు, అందుకే ఈ వైపు కుర్రాళ్లు ఆ ఆటలో గంటలు గంటలు మునిగిపోవడం నాకు ఆశ్చర్యం కలిగించదు. 2023 ఆగస్టులో బెల్జియంకు చెందిన లారియన్ స్టూడియోస్ విడుదల చేసిన 'బాల్డర్స్ గేట్ 3' వేరే తరహాది. అందులో యుద్ధం వంతులవారీగా సాగుతుంది, సంభాషణలో ఎదుటివారిని ఒప్పించాలన్నా తెర మీద ఇరవై ముఖాల పాచిక దొర్లుతుంది, మీరు తీసుకున్న చిన్న నిర్ణయం ఎన్నో గంటల తరువాత తిరిగి వచ్చి ఎదురు నిలుస్తుంది. కంప్యూటర్ మీద బల్ల ఆటకు ఇంత దగ్గరగా వచ్చిన మరో ఆటను నేను చూడలేదు.

అయినా కొనే ముందు మూడు విషయాలు ఆలోచించుకోవాలి. ఒకటి, యంత్రం. 'బాల్డర్స్ గేట్ 3'కి 150 జీబీ ఖాళీ ఉన్న ఎస్‌ఎస్‌డీ (వేగంగా పనిచేసే నిల్వ డిస్కు), కనీసం 8 జీబీ ర్యామ్, విడిగా గ్రాఫిక్స్ కార్డు కావాలి. డిగ్రీ చదువుకు కొన్న మామూలు ల్యాప్‌టాప్ దీన్ని మోయలేదు. రోజుకు 2 జీబీ వచ్చే ఫోన్ రీచార్జి మీద దించుకోవాలంటే 75 రోజులు పడుతుంది కాబట్టి, ఇంట్లో ఫైబర్ కనెక్షన్ లేని వారు దాని జోలికి పోకపోవడం మంచిది. అటువంటి వారికి 1998లో వచ్చిన మొదటి 'బాల్డర్స్ గేట్', 1999లో వచ్చిన 'ప్లేన్‌స్కేప్: టార్మెంట్' అనే రెండు పాత ఆటలను నేను సూచిస్తాను. వాటి మెరుగుపరచిన రూపాలు సాధారణ యంత్రం మీద, ఆండ్రాయిడ్ టాబ్లెట్ మీద కూడా నడుస్తాయి. రెండు, భాష. పైన చెప్పిన ఆటల్లో ఏదీ తెలుగులో లేదు. 'ప్లేన్‌స్కేప్' ఒక లావుపాటి నవల చదివినంత ఇంగ్లిష్ చదివిస్తుంది. చదవడం ఇష్టమైన వారికి అదొక నిధి, లేనివారికి అదొక గోడ. 'స్కైరిమ్'లో మాటలు అర్థం కాకపోయినా కొండలు అర్థమవుతాయి. మూడు, వయసు, సమయం. 'బాల్డర్స్ గేట్ 3' పెద్దవాళ్ల ఆట, పదో తరగతి పిల్లవాడికి పుట్టినరోజు కానుకగా ఇవ్వదగినది కాదు. పైగా ఒక్కసారి పూర్తి చేయడానికి వంద గంటల వరకు పట్టవచ్చు. పోటీ పరీక్షలకు సిద్ధమవుతున్న వారికి ఈ సంగతి ముందే తెలియడం అవసరం.

ఇక బల్ల ఆట. దీని చరిత్ర పొడవైనదే గాని మొదలు ఒక్కటే: 1974లో అమెరికాలో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి ప్రచురించిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'. ఖరీదైన మూడు పుస్తకాలు కొంటే తప్ప ఇది ఆడలేమని చాలామంది వెనకడుగు వేస్తారు. అది అపోహ. ఐదవ ఎడిషన్ మూల నియమావళిని 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద విడుదల చేశారు. అందులో పన్నెండు రకాల వీరులు, మంత్రాలు, రాక్షసులు అన్నీ ఉన్నాయి, ఎవరైనా దించుకోవచ్చు, తెలుగులోకి అనువదించి పంచుకోవచ్చు కూడా. ఏడు పాచికల సెట్టు ఆన్‌లైన్‌లో కొన్ని వందల రూపాయలకు వస్తుంది. అదీ వద్దనుకుంటే ఫోన్‌లో ఉచిత డైస్ యాప్ సరిపోతుంది.

పాచికల బదులు ఇంట్లో ఉన్న గవ్వలతో ఆడవచ్చా అన్న ప్రశ్న మన దగ్గర తప్పకుండా వస్తుంది, ఎందుకంటే పచ్చీసు, అష్టాచెమ్మా ఆడని ఇల్లు అరుదు. దీనికి కొంచెం లెక్క చూడాలి. ఇరవై ముఖాల పాచికలో ఏ అంకె అయినా సమానంగా పడుతుంది. నాలుగు గవ్వలు వేస్తే, ప్రతి గవ్వా వెల్లకిలా బోర్లా సమానంగా పడుతుందనుకున్నా, పదహారు అవకాశాల్లో రెండు వెల్లకిలా పడేవి ఆరు, నాలుగూ వెల్లకిలా పడేది ఒక్కటి. అంటే మధ్య అంకెలు తరచుగా, చివరి అంకెలు అరుదుగా వస్తాయి. 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' లెక్కలన్నీ సమాన అవకాశం మీద కట్టినవి: మీ నేర్పు వల్ల పాచిక అంకెకు 5 కలుస్తుందనుకుందాం, పని నెగ్గాలంటే మొత్తం కనీసం 15 రావాలని గేమ్ మాస్టర్ అన్నారనుకుందాం, పాచిక మీద 10 గాని అంతకు మించి గాని పడితే చాలు కాబట్టి గెలిచే అవకాశం 55 శాతం. పరిస్థితి అనుకూలంగా ఉంటే రెండుసార్లు వేసి ఎక్కువ పడినదాన్ని తీసుకోనిస్తారు, అప్పుడది దాదాపు 80 శాతానికి చేరుతుంది. గవ్వలతో ఈ లెక్క చెడిపోతుంది. అందువల్ల ఈ ఆటకు పాచికే వాడండి. గవ్వలతో ఆడాలన్న కోరిక బలంగా ఉంటే నియమాలను కొత్తగా రాసుకోవాలి, అది వేరే ఆట అవుతుంది, మంచి ఆటే అవుతుంది.

నియమాలు బరువనిపించే వారికి, గేమ్ మాస్టర్ దొరకని వారికి 2018లో వచ్చిన 'ఐరన్‌స్వోర్న్' అనే ఆటను నేను మనస్ఫూర్తిగా సిఫారసు చేస్తాను. దాని పుస్తకం ఉచితంగా దొరుకుతుంది. ఒంటరిగానూ, ఇద్దరు ముగ్గురు కలిసి గేమ్ మాస్టర్ లేకుండానూ, గేమ్ మాస్టర్‌తోనూ ఆడవచ్చు. ఆరు ముఖాల పాచిక ఒకటి, పది ముఖాలవి రెండు వేస్తారు. మీ పాచికకు నేర్పు కలిపితే వచ్చిన మొత్తం ఆ రెంటినీ దాటితే పూర్తి విజయం, ఒక్కదాన్నే దాటితే విజయంతో పాటు ఏదో ఒక మూల్యం, రెంటినీ దాటకపోతే కష్టం వచ్చి పడుతుంది. జానపద కథల్లో వీరుడికి కోరిన వరంతో పాటు ఒక చిక్కు కూడా అంటుకుని వస్తుంది కదా, ఆ మధ్య ఫలితం సరిగ్గా అదే పని చేస్తుంది. ఇంకొకరితో కలిసి ఆడడానికి బిడియపడే వారు నెల రోజులు దీన్ని ఒంటరిగా ఆడి, తరువాత బల్ల దగ్గరికి రావడం ఎంతో మేలు.

బల్ల ఆటను మిగతా మూడింటికంటే పైన పెట్టడానికి నాకున్న అసలు కారణం భాష, నేల. నియమాల పుస్తకం ఇంగ్లిష్‌లో ఉన్నా ఆడేది మన మాటల్లో. మాంత్రికుడు గ్రాంథికంలో గర్జించవచ్చు, సత్రం నడిపే అవ్వ పాలమూరు యాసలో బేరమాడవచ్చు, ఆటగాడు కోపం వస్తే తన ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడవచ్చు. కంప్యూటర్ ఆట ఎంత గొప్పదైనా ఇది ఇవ్వలేదు. ఇక రాజ్యం కోసం యూరప్ కోటల బొమ్మలు వెతకనక్కర్లేదు. రాచకొండ, దేవరకొండ కోటలు రేచర్ల పద్మనాయకులు ఏలిన నేల. గద్వాల కోట, వనపర్తి వైపు పానగల్లు కోట, కోయిలకొండ కోట మన చుట్టూ ఉన్నాయి. నల్లగొండ పక్కన పానగల్లులోని ఛాయా సోమేశ్వరాలయంలో ఒక గర్భగుడిలో పగలంతా ఒకే చోట స్తంభపు నీడ నిలిచి ఉంటుంది, ఏ స్తంభానిదో చూడగానే తెలియదు. ఆ నీడ ఒక రోజు పక్కకు జరిగిందన్న ఒక్క వాక్యంతో మూడు వారాల కథ నడుస్తుంది. మహబూబ్‌నగర్ పిల్లలమర్రిలో ఊడలే మానులై ఎకరాల మేర అల్లుకున్నాయి. అసలు మొదలు ఏదో గుర్తుపట్టడం కష్టం. 2018లో చెదలు పట్టిన ఆ చెట్టుకు సెలైన్ సీసాలతో మందు ఎక్కించిన సంగతి అందరూ చూశారు. వందల ఏళ్ల చెట్టుకు జబ్బు చేస్తే రాజ్యానికేమవుతుందన్నది ఆటగాళ్ల ముందు పెట్టి చూడండి. నల్లమల అడవిలోని శివక్షేత్రం సలేశ్వరానికి చైత్ర పౌర్ణమి రోజుల్లో కొద్ది రోజులే దారి తెరుస్తారు. ఏడాదికి ఒకసారి తెరుచుకునే ద్వారం కథకు ఎంత బిగువునిస్తుందో వేరే చెప్పనక్కర్లేదు, ఎందుకంటే ఆటగాళ్లకు గడువు దాటితే మళ్లీ ఏడాది ఆగాలన్న భయం దానంతటదే పుడుతుంది.

ఒక్క జాగ్రత్త మాత్రం పాటించాలి. నల్లమల అనగానే చెంచులను అడవి మనుషులుగా, బాణాలు వేసే శత్రువులుగా చూపించే పాత అలవాటు సినిమాల నుంచి మనకు అంటుకుంది. ఆ జనం మన పక్కనే బతుకుతున్నారు, వారి పిల్లలు మన పిల్లలతో చదువుకుంటున్నారు. శత్రువు కావాలంటే మాంత్రికుణ్ని పెట్టుకోండి, రాజద్రోహిని పెట్టుకోండి, బ్రహ్మరాక్షసుణ్ని పెట్టుకోండి. నిజమైన ఒక తెగను రాక్షసుల జాబితాలో చేర్చకండి. దేవుళ్ల విషయంలోనూ ఇదే వర్తిస్తుంది: గుడి పేరు కొద్దిగా మార్చి, ఊహా రాజ్యంలో పెట్టుకుంటే ఎవరి మనసూ నొవ్వదు, కథకూ స్వేచ్ఛ ఉంటుంది.

బల్ల ఆట చెడిపోయే కారణాల్లో నియమాలు తెలియకపోవడం చాలా అరుదు. ఎక్కువగా చెడిపోయేది మనుషులు కుదరక. ఐదుగురు కలవాలనుకుంటారు, ఒకరికి పెళ్లి, ఒకరికి డ్యూటీ, నెల గడిచిపోతుంది. అందువల్ల ముగ్గురు ఆటగాళ్లు, ఒక గేమ్ మాస్టర్ చాలు. వారం వారం కాకుండా పదిహేను రోజులకొకసారి, ఎప్పుడూ ఒకే రోజు, ఒకే వేళ పెట్టుకోండి. మూడు గంటలకు మించవద్దు. ఒకరు నల్లగొండలో, ఒకరు హైదరాబాద్‌లో, ఒకరు పరదేశంలో ఉంటే డిస్కార్డ్ అనే యాప్‌లో మాట మాత్రమే కలిసినా ఆట నడుస్తుంది, వీడియో అక్కర్లేదు. పటాలు కావాలంటే రోల్20 అనే వెబ్‌సైట్‌లో ఉచిత ఖాతా తెరుచుకోవచ్చు. గేమ్ మాస్టర్‌గా ఉండే వారు మొదటి కథను సొంతంగా కల్పించే బదులు, తమకు బాగా నచ్చిన ఒక పాత జానపద చిత్రం చూసి, అందులోని మాంత్రికుడి కోరిక ఏమిటి, అది తీరకుండా ఆపేది ఏమిటి అన్న రెండింటినీ కాగితం మీద రాసుకుని, వీరుడి పాత్రను పూర్తిగా తీసేయాలి. ఆ ఖాళీలో ఆటగాళ్లు వచ్చి నిలబడతారు. వీరుడు చేసిన పనినే వాళ్లూ చేయాలని పట్టుబట్టకుండా ఉంటే చాలు.

కాబట్టి ఎవరికి ఏది అంటే, నా సలహా ఇలా ఉంటుంది. ఇంట్లో చిన్నపిల్లలు, పెద్దవాళ్లు కలిసి ఉన్నప్పుడు జానపద చిత్రమే పెట్టండి, మధ్యలో ఆపి 'నువ్వైతే ఇప్పుడేం చేస్తావు?' అని పిల్లలను అడగండి. చాలామందికి రోల్‌ప్లేయింగ్ రుచి అక్కడే తెలుస్తుంది. ఒంటరిగా ఉండి, ఇంగ్లిష్ చదవగలిగి, చేతిలో డబ్బు లేనివారికి ముందు లోన్ వుల్ఫ్, ఆ తరువాత ఐరన్‌స్వోర్న్. మంచి కంప్యూటర్, ఫైబర్ కనెక్షన్, సెలవులు మూడూ ఉన్నవారు బాల్డర్స్ గేట్ 3 ఆడవచ్చు; ఇద్దరు ఒకే తెరను సగం సగం పంచుకుని ఆడే వీలు కూడా అందులో ఉంది కాబట్టి అన్నదమ్ములకు, దంపతులకు అది బాగుంటుంది. అదే ఆటలో పాచికల పద్ధతి అలవాటైన వారు బల్ల దగ్గరికి వచ్చినప్పుడు ఒక తేడా గుర్తుంచుకోవాలి: ఆ కంప్యూటర్ ఆటలో ఏ పరీక్షలోనైనా 1 పడితే ఓటమే, 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ఐదవ ఎడిషన్ 2014 నియమాల్లో మాత్రం దాడి వేసినప్పుడే 1 పడితే గురి తప్పినట్టు, గోడ ఎక్కడం, బేరమాడడం వంటి పరీక్షల్లో 1 పడినా నేర్పు కలిపి లెక్క చూడాలి. ముగ్గురు నమ్మకమైన మిత్రులు, పదిహేను రోజులకొక సాయంత్రం దొరికే వారు మాత్రం ఇంకేమీ ఆలోచించకుండా నేరుగా బల్ల ఆటకే రండి, మొదటి సాయంత్రం ఒకటో లెవెల్ (ఆరంభ దశ) వీరులతో, ఒకే గుట్ట, ఒకే గుహ, ఒకే మాంత్రికుడితో సరిపెట్టుకోండి. పెద్ద రాజ్యం, వంశవృక్షాలు, పటాలు మూడో ఆట తరువాత, ఆటగాళ్లు తామే అడిగినప్పుడు గీసుకోవచ్చు.